చేప బొమ్మలో వాటా

మా విడాకుల్లో ఇంటి గురించి గొడవ రాలేదు. అమ్మేద్దామనుకున్నాం, అమ్మేశాం. కార్లు ఎవరివి వాళ్లం తీసుకున్నాం. పిల్లలు లేరు. మంచాలు, గిన్నెలు, టీవీ, వేటి దగ్గరా పేచీ రాలేదు. చివరికి భోజనాల బల్ల పైన గోడకి ఉన్న ఒక ఆయిల్ పెయింటింగ్ దగ్గర ఆగిపోయాం. అది నాదని నేనన్నాను. తనదని అతనన్నాడు. లాయర్లిద్దరూ మొదట పట్టించుకోలేదు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత మా ఇద్దరితోనూ కాస్త జాగ్రత్తగా మాట్లాడటం మొదలుపెట్టారు.

పెద్ద బొమ్మేమీ కాదు. ఒక మనిషి రెండు చేతులతో సులువుగా ఎత్తుకోవచ్చు. అందులో ఒక వంటింటి బల్ల ఉంటుంది. దాని మీద బూడిదరంగు పళ్లెంలో తల కొయ్యని చేప. పక్కన రెండు నిమ్మకాయలు, ఒకటి సగానికి కోసింది. ఒక నీలం కూజా, నలిగిన గుడ్డ, బల్ల అంచు దాటి బయటికొచ్చిన చాకు పిడి. బల్ల తిన్నగా ఉండదు. చూసేవాళ్ల వైపు వాలి ఉంటుంది, ఇంకాస్త వాలితే చేప జారి ఒళ్లో పడేట్టు. ప్రతి వస్తువు చుట్టూ మందంగా నల్లగీత. రంగు బ్రష్షుతో పూసినట్టు ఉండదు, తాపీ పెట్టి మెత్తినట్టు ఉంటుంది.

వేసినాయన ఫ్రాన్సులో ఏదో రేవు పట్నం మనిషి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బొమ్మలు వేసిన తరం. గొప్ప పేరున్నవాడు కాదు, బొత్తిగా ఊరూ పేరూ లేనివాడూ కాదు. వెతికితే రెండు మూడు చిన్న మ్యూజియంలలో అతని బొమ్మలు కనిపించాయి. అన్నీ ఇలాంటివే, స్టిల్ లైఫ్ అంటారే, అవి. బల్లలు, పళ్లేలు, ఇంకా ఎవరూ ముట్టుకోని తిండి.

చూడగానే బాగుందనిపించే బొమ్మ కాదు. మా ఇంటికి భోజనానికొచ్చిన తెలుగువాళ్లు చాలామంది దానికి వీపు పెట్టి కూర్చునేవాళ్లు. ఒకావిడ మాత్రం తినే చోట చచ్చిన చేపేంటండీ అని మొహం మీదే అనేసి, ఆ తర్వాత మేం పిలిచినా రావడం మానేసింది. నేను నొచ్చుకోలేదు. ఆవిడ రాకపోవడం నాకు ఇష్టమే.

ఆ బొమ్మ మాకు ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే తగువంతా దాని గురించే.

పెళ్లయి అమెరికాలోని ఈ బాతెల్ ఊరికి వచ్చిన కొత్తలో మేం ఒక పాత అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో పై అంతస్తులో ఉండేవాళ్లం. అతను హెచ్‌-వన్ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేయడానికి లేదు. బయోకెమిస్ట్రీ చదువుకుని పగలంతా కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునేదాన్ని. మా కింది ఫ్లాట్‌లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఫ్రాన్సులో పుట్టి, ఒక అమెరికన్‌ని చేసుకుని ఈ దేశం వచ్చింది. భర్త పోయి చాలా కాలమైంది. ఒకరోజు మెయిల్‌బాక్స్ దగ్గర తాళం తిప్పలేక అవస్థ పడుతుంటే సాయం చేశాను. అప్పట్నుంచి మధ్యాహ్నాలు ఆవిడ దగ్గరికి వెళ్లి కూర్చోవడం అలవాటైంది. ఆవిడ కాఫీ నాకు నచ్చేది కాదు, తాగేదాన్ని. ఆవిడ ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, నాది ఆవిడకి సగం. ఆ బొమ్మ వాళ్ల వంటింట్లో ఉండేది, నేను కూర్చునే కుర్చీకి ఎదురుగా.

అతనూ ఆవిడకి చాలా చేశాడు. అది కాదనను. శని ఆదివారాల్లో సరుకులు తెచ్చిపెట్టేవాడు. ఇంటర్నెట్ పోతే బాగుచేసేవాడు. ఒకసారి మంచు పడి కరెంటు పోతే ఆవిడని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాడు. ఆవిడ అతని భుజం తట్టి, మంచి కుర్రాడివి అనేది. ఆ మాటకి అతని మొహం ఎలా వెలిగేదో నాకు గుర్తుంది. మా పెళ్లయిన ఇన్నేళ్లలో నా మాటకి అలా వెలగడం నేను చూడలేదు.

కొన్నాళ్లకి ఆవిడ పోర్ట్‌లాండ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోవాలనుకుంది. సామాన్లు ట్రక్కులోకి ఎక్కిస్తుంటే మేమిద్దరం కిందికి దిగి గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఆవిడ ఆ బొమ్మని గోడ మీంచి తీయించి, ఇది మీరుంచుకోవాలి అంది. ఇంగ్లీషులో అంది. ఇంగ్లీషులో యూ అనే మాట ఒకరినైనా ఇద్దరినైనా ఒకలాగే అంటారు. అదే తెలుగులో అని ఉంటే నువ్వో మీరో తేలిపోయేది. ఆవిడ భాషలో అన్నా తేలిపోయేదట, తర్వాత ఎవరో చెప్పారు. ఆవిడ నా కళ్లల్లోకి చూసి అందని నేను ఈ రోజుకీ ప్రమాణం చేసి చెప్పగలను. తన వైపు చూసి అందని అతనూ అంతే గట్టిగా చెప్తాడు. ఆవిడకే ఫోన్ చేసి అడుగుదామని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు.

మేం ఎందుకు విడిపోయామో ఇక్కడ రాయను. రాయడానికి పెద్ద కారణం ఏదీ లేకపోవడమే అందులో పెద్ద అవమానం. అతను కొట్టలేదు, తాగలేదు, వేరే మనిషి లేదు. నాకు ఉద్యోగం చేసే పర్మిట్ వచ్చి, ఒక బయోటెక్ కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో చేరి, సొంత ఇల్లు కొనుక్కున్నాక కూడా మేం పోట్లాడుకుంటూనే ఉన్నాం. చివరి రెండేళ్లు అతను కుక్కర్ మూత పెట్టే చప్పుడుకి కూడా నా ఒళ్లు మండేది. నేను ఫోన్లో మా అక్కతో నవ్వితే అతను లేచి గది మారేవాడు.

బొమ్మ దగ్గర మాట తెగకపోతే మధ్యవర్తిని పెట్టారు. రిటైరయిన ఒక అమెరికన్ ఆవిడ. ఆవిడ మా ఇద్దరి వాదనా విని, చెరో ఆర్నెల్లు ఉంచుకోమంది. జనవరి నుంచి జూన్ దాకా నా దగ్గర, జులై నుంచి డిసెంబర్ దాకా అతని దగ్గర. విడిపోయినవాళ్లు పిల్లల్ని ఇలా పంచుకోవడం ఆవిడ చూసింది కానీ బొమ్మని పంచుకోవడం చూడలేదంది. తమాషాకి అన్నట్టుంది. మేమిద్దరం నవ్వలేదు, ఒప్పుకున్నాం.

మార్చుకునే చోటు లైబ్రరీ పార్కింగ్ లాట్. మొదటిసారి అతను దుప్పటి తెచ్చుకున్నాడు. నేను బొమ్మని నా కారు వెనక సీటులోంచి తీసి డిక్కీకి ఆనించాను. అతను నన్ను పలకరించలేదు. అద్దె కారు తిరిగి తీసుకునేవాడిలా ఫోన్ లైటు వేసి నాలుగు మూలలూ చూశాడు. ఫ్రేము మీద ఒక గీత ఉంటే, ఇది ముందు లేదు అన్నాడు. ఉందన్నాను. ఫొటో తీసుకున్నాడు. నేనూ నా ఫోన్ తీసి అదే గీత ఫొటో తీశాను. ఎండలో ఇద్దరం ఒక చేప చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీస్తుంటే పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చిన ఒక తల్లి పిల్లల్ని కాస్త దూరంగా నడిపించుకుపోయింది.

తర్వాతి డిసెంబర్‌లో అతను తెచ్చిచ్చాడు, నేను ఫొటోలు తీశాను. మళ్లీ జూన్‌లో నేనిచ్చాను. మధ్యలో అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడని తెలిసింది. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి అన్నారు. నాకు చెప్పినావిడ నా మొహం ఎలా మారుతుందా అని కాచుక్కూర్చుంది. నేను ఆవిడకి ఇంకో రెండు గారెలు వడ్డించాను.

ఆ రెండో ఏడాది డిసెంబర్‌లో బొమ్మ తిరిగొచ్చినప్పుడు బాగా వాన పడుతోంది. అతను దుప్పటి చుట్టి, పైన ప్లాస్టిక్ చుట్టి ఇచ్చాడు. విప్పి చూసుకునే వీల్లేకపోయింది. ఇంటికొచ్చి విప్పాను. విప్పగానే ఒక వాసన తగిలింది. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, సాల్వెంట్ వాసన నాకు కొత్త కాదు. లైటు వేసి చూస్తే అది నా బొమ్మ కాదు.

అదే బొమ్మ. కానీ నాకు తెలిసిన బొమ్మ మీద ఎప్పుడూ ఒక టీ రంగు ఉండేది. గుడ్డ మీగడ రంగులో ఉండేది, నిమ్మకాయలు పండిపోయి ఉండేవి, వంటింట్లో పొద్దు వాలుతున్నట్టు ఉండేది. ఇప్పుడు గుడ్డ ఆస్పత్రి దుప్పటిలా తెల్లగా ఉంది. నిమ్మకాయలు పచ్చివి. చేప పొట్ట మీద గులాబీ, నీలం చారలు బయటపడ్డాయి. దాని కంటిలో ఇంతకుముందు ఎన్నడూ లేని తెల్లటి చుక్క, తడిగా మెరుస్తోంది. ఇప్పుడే చచ్చినట్టుంది. నేను దాని ఎదురుగా కూర్చుని అన్నం తినలేకపోయాను.

విడాకులయ్యాక మొదటిసారి అతనికి ఫోన్ చేశాను. బొమ్మకి ఏం చేశావని అడిగాను.

"క్లీన్ చేయించిన. బూజు పట్టింది."

గోడ మీదున్న బొమ్మకి బూజెలా పడుతుందన్నాను.  గరాజ్‌లో ఉండె, అక్కడ తేమ ఎక్కువ అన్నాడు. ఇంకేమైనా అడిగేలోపు మీటింగ్ ఉందని పెట్టేశాడు. ఆ రోజు శనివారం.

మర్నాడు పొద్దున్నే అతని ఇంటికి వెళ్లాను. అతని భార్య తలుపు తీసింది. చిన్నపిల్ల, తడి జుట్టుకి టవల్ చుట్టుకుని ఉంది. నేనెవరో ఆమెకి వెంటనే తెలిసిపోయింది. లోపలికి రండని అనలేదు, పొమ్మనీ అనలేదు. పక్కకి తిరిగి అతన్ని పిలిచింది. అతను చెప్పులు లేకుండా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె అతని వెనకే నిలబడింది. వినడానికే నిలబడింది, ఆ సంగతి దాచాలని కూడా చూడలేదు. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. కానీ ఆమె ముందు అతన్ని వదిలిపెట్టాలని కూడా నాకనిపించలేదు.

"ఆ బొమ్మని ఒక్కరోజైనా గోడకి తగిలించావా?" అని అడిగాను.

"లేదు."

"మరి కోర్టు దాకా ఎందుకు లాగావు?"

"నీ దగ్గర ఉండొద్దని."

కోపంగా అనలేదు. ఎవరైనా ఇంటి అడ్రస్ అడిగితే చెప్పినట్టు చెప్పాడు. వెనక ఆ అమ్మాయి టవల్ సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను వెనక్కి తిరిగి కారెక్కాను. దారంతా నాకు విచిత్రంగా సుఖంగా అనిపించింది. ఎన్నో ఏళ్ల తర్వాత అతను నాతో ఒక నిజం చెప్పాడు. ఇంక నేను అతన్ని ఎంత అసహ్యించుకున్నా తప్పు లేదనిపించింది.

జూన్ ఆఖరికి బొమ్మ ఇవ్వాలి. ఇవ్వలేదు. లైబ్రరీకి వెళ్లలేదు. అతను పార్కింగ్ లాట్‌లో ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలీదు, ఎక్కువసేపే నిలబడి ఉండాలని కోరుకున్నాను. మళ్లీ లాయర్లు వచ్చారు. మళ్లీ అదే మధ్యవర్తి గదిలో బల్లకి అటొకరు ఇటొకరు కూర్చున్నాం. బొమ్మని పాడుచేశాడని నేనన్నాను. బాగుచేయించానని అతనన్నాడు. శుభ్రం చేసినాయన దగ్గర కనుక్కున్నాడట, పైన పేరుకున్నదంతా సిగరెట్ పొగా వంట జిడ్డూనట, పోతే బొమ్మకి మంచిదేనట. నీ ప్రేమంతా ఆ ముసలామె మొగుడు తాగిన సిగరెట్ల మీదనా అని తెలుగులో గొణిగాడు. మధ్యవర్తి ఏమన్నాడని నన్నడిగింది. తర్జుమా చేయడానికి లేదన్నాను.

ఆవిడ ఓపిక అయిపోయింది. అమ్మేయండి, లేకపోతే మీ ఇద్దరూ కాని మూడో మనిషికి ఇచ్చేయండి అంది. అమ్మడానికి ఇద్దరం ఒప్పుకోలేదు. అప్పుడు అతను, ఆ ముసలామె ఉన్నదో లేదో, ఆమె బిడ్డకి ఇచ్చేద్దాం అన్నాడు. వాళ్ల వైపు బిడ్డ అంటే కూతురు. ఒకప్పుడు నాకిలాంటి మాటలు అతనే విడమరిచి చెప్పేవాడు. నేను వెంటనే సరేనన్నాను. బొమ్మ పోతుందన్న బాధకంటే అతనికి లేకుండా పోతుందన్న సంతోషం ముందొచ్చింది. అతని మొహంలోనూ అదే కనిపించింది.

నేను తీసుకెళ్లి ఇచ్చేస్తానంటే అతను నమ్మలేదు. అతను తీసుకెళ్తానంటే నేను నమ్మలేదు. పార్సెల్‌లో పంపితే విరిగిందని ఒకరినొకరు అనుకుంటాం. చివరికి ఒక ఆదివారం ఇద్దరం ఒకే కారులో పోర్ట్‌లాండ్ బయల్దేరాం. కారు అతనిది. బొమ్మని వెనక సీటులో నిలబెట్టి సీటుబెల్టు పెట్టాను. పెట్టి, నేనూ వెనకే, దాని పక్కన కూర్చున్నాను. ముందు సీటు ఖాళీగా ఉంది. అతను లోపలి అద్దాన్ని నేను కనపడకుండా తిప్పుకున్నాడు.

దారిలో ఒలింపియా ఊరు దాటాం. అతను హీటర్ పెంచాడు. నేను వెనక నా వైపు కిటికీ కొంచెం దించాను. అతను ముందు నుంచే దాన్ని ఎత్తేశాడు. మళ్లీ దించాను. ఇలా కొన్ని మైళ్లు పోయాం. వానలో ఫ్రీవే మీద లారీల వెనక నీళ్లు తెరల్లా లేస్తున్నాయి.

సెంట్రేలియా దగ్గర పెట్రోలు కోసం ఆపాడు. పంపు పెట్టి, షాపులోకి వెళ్తూ కారు లాక్ చేశాడు, నేను లోపల ఉండగానే. అలవాటుగా చేశాడో కావాలని చేశాడో నాకు తెలీదు. నాకూ దిగాలనిపించి తలుపు తీశాను. అంతే, అలారం మొదలైంది. చుట్టూ పంపుల దగ్గరున్న వాళ్లంతా తిరిగి చూశారు. వానలో నిలబడి మొత్తుకుంటున్న కారు, పక్కన నేను. అతను కాఫీ కప్పు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కావాలనే చేసినవ్ అన్నాడు. నన్ను సామానులా లోపల పెట్టి తాళం వేసింది నువ్వన్నాను. అలారం ఆగిపోయాక కూడా ఇద్దరం అదే గొంతుతో అరుచుకుంటున్నాం. కొంతసేపటికి అతను గొంతు తగ్గించాడు.

"ఆమె దగ్గర కూర్చుని నా గురించి అన్నీ చెప్పినవ్, నాకు తెల్వదనుకున్నవా?" అన్నాడు. "ఒక ఎండాకాలం నుంచి ఆమె నన్ను చూసే చూపు మారింది. మంచి కుర్రాడివి అనుడు బంద్ చేసింది. సరుకులు గుమ్మం కాడనే తీసుకునేది. ఏం చెప్పినవ్ ఆమెకు?"

అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నాళ్లూ అతను ఆ బొమ్మ కోసం పోట్లాడలేదు. ఆవిడ తనకి ఇచ్చిందని ఎవరైనా తేల్చి చెప్తే, ఆవిడ కళ్లలో తను మంచివాడిగానే మిగిలాడని రుజువవుతుంది. ఆ రుజువు కావాలి. అది గోడ మీదున్నా గరాజ్‌లో ఉన్నా ఒకటే. నాకది అర్థమైనంత మాత్రాన జాలి కలగలేదు. కలిగి ఉంటే ఇక్కడ రాసేదాన్ని.

"ఉన్నదే చెప్పాను," అన్నాను.

అతను కాఫీ కప్పుని తాగకుండానే చెత్తడబ్బాలో పడేశాడు. మిగతా దారి కిటికీ దించలేదు నేను, అతను హీటర్ ముట్టుకోలేదు.

కూతురి ఇల్లు ఒక ఎత్తు మీద ఉంది, చుట్టూ తడిసిన చెట్లు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. పొట్టి జుట్టు, మట్టి అంటిన బూట్లు, వెంట రెండు కుక్కలు. ముందే మెసేజ్ పెట్టాం కాబట్టి వాకిట్లోకి వచ్చింది. మీ అమ్మగారు ఎలా ఉన్నారని అతను అడిగాడు. అమ్మ పోయి రెండేళ్లు దాటిందని చెప్పింది. మేమిద్దరం వేర్వేరుగా అయ్యో అన్నాం. ఆ ఒక్క క్షణం అతని మొహం చూశాను, పాలిపోయింది. నా మొహం ఎలా ఉందో అతను చూశాడో లేదో.

ఇద్దరం చెరో వైపు పట్టుకుని బొమ్మని లోపలికి తెచ్చాం. పట్టుకోవడానికి ఒక మనిషి చాలు, కానీ ఎవరూ వదల్లేదు. వాషింగ్ మెషీన్ ఉన్న చిన్న నడవాలో గోడకి ఆనించి దుప్పటి తీశాం. ఆవిడ చూసి, ఓ, ఇదా అంది. కొంచెం నవ్వింది కూడా.

ఆ తర్వాత చెప్పిందంతా నిలబడే విన్నాం. ఆ బొమ్మని వాళ్ల నాన్న చెల్లెలు, వాళ్ల అమ్మానాన్నల పెళ్లికి ఇచ్చిందట. వాళ్లమ్మకి అదంటే పడేది కాదు. ఆడపడుచు మీద కోపం, బొమ్మ మీద కోపం. నాన్నకి ఇష్టం కాబట్టి ఆయన ఉన్నన్నాళ్లూ తీయలేకపోయింది, పోయాక తీయడానికి మనసొప్పలేదు. ఇల్లు మారేటప్పుడు వదిలించుకోవాలని చూసింది. కూతురు వద్దంది. అపార్ట్‌మెంట్ మేనేజర్ వద్దన్నాడు. పక్క ఫ్లాట్‌లో కొరియన్ భార్యాభర్తలు మర్యాదగా వద్దన్నారు. ఉత్తరాలు తెచ్చేవాడిని కూడా అడిగిందట. చివరికి మీరొకళ్లే ఊ అన్నారు అంది.

అతను గొంతు సవరించుకున్నాడు. మా గురించి మీ అమ్మగారు ఎప్పుడైనా ఏమైనా అనేవారా అని అడిగాడు. అలా అడుగుతాడని నేను అనుకోలేదు. నేనైతే చచ్చినా అడిగేదాన్ని కాదు. కానీ జవాబు కోసం నేనూ ఆవిడ వైపు ఒక అడుగు వేశాను.

ఆవిడ కాస్త ఆలోచించింది. గుర్తొచ్చినట్టు చెయ్యెత్తింది.

"పై ఫ్లాట్ వాళ్లు మీరే కదా? ఎప్పుడూ పోట్లాడుకునేవాళ్లు. మాట అర్థం కాకపోయినా కింద అన్నీ వినిపించేవనేది అమ్మ. ఈ బొమ్మ వాళ్లింట్లో బాగానే ఇముడుతుందని నవ్వేది."

ఆవిడ చెడ్డగా అనలేదు. పాత కబురు గుర్తొచ్చి చెప్పింది, అంతే. అన్నాక మా ఇద్దరినీ చూసి, మీరింకా కలిసే ఉన్నారు కదా, సంతోషం అంది. మేం కాదని చెప్పలేదు. ఆవిడ కాఫీ పెడతానంటే ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.

బొమ్మ సంగతి అడిగితే, తను గోడకి పెట్టుకోనంది. కొడుకు కొత్త ఇంట్లోకి మారుతున్నాడట, వాడిని అడుగుతానంది. వాడూ వద్దంటే వాళ్ల వీధిలో పాత సామాన్లు తీసుకునే దుకాణానికి ఇచ్చేస్తానంది. కావాలంటే మీరే వెనక్కి తీసుకెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు, పాపం ఇంత దూరం మోసుకొచ్చారు అని కూడా అంది.

 కుక్కల్లో ఒకటి వచ్చి చేప దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి వెళ్లిపోయింది. నాకు ఆ బొమ్మ కావాలనిపించింది. ఆ వంటింట్లో వేసవి మధ్యాహ్నాలు, భాష రాని దేశంలో నా ఎదురుగా ఉన్న ఆ వాలు బల్ల, ఆ నీలం కూజా, అవన్నీ కావాలనిపించాయి. ఆ ముసలావిడ ఎవరికిచ్చినా, ఎందుకిచ్చినా, ఎంత నవ్వుకున్నా సరే. తెల్లగా కడిగేసినా సరే. నోరు తెరిస్తే చాలు. కానీ అతను పక్కనే ఉన్నాడు. నేను కావాలంటే నాకు కావాలని అతనికి తెలుస్తుంది. అతను బొమ్మ వైపే చూస్తున్నాడు, దవడ బిగించి. అతనికీ కావాలి. నాకు కచ్చితంగా తెలుసు, ఆ దవడతో పదకొండేళ్లు కాపురం చేశాను. కానీ అడిగితే నాకు తెలుస్తుంది.

"నీకు కావాల్నా?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"నాకొద్దు," అన్నాను. "నీకు కావాలా?"

"నాకొద్దు."

ఆవిడ సరేనని దుప్పటి మడిచి అతని చేతికిచ్చింది. వాకిటి దాకా వచ్చి చెయ్యూపింది. మేం చెరో వైపు నుంచి కారెక్కాం. నేను మళ్లీ వెనకే కూర్చున్నాను, పక్క సీటు బెల్టు ఊరికే వేలాడుతోంది.

తిరుగు దారిలో వాన తగ్గింది. ఎక్కడా ఆపలేదు. అతను ఏదో పాటలు పెట్టుకున్నాడు, నేను ఆపమనలేదు. ఆవిడ చెప్పిందే ఇద్దరం లోపల తిప్పుకుంటున్నామని నాకు తెలుసు. అతను గొప్పగా చెప్పుకున్న మంచితనమూ, నేను గొప్పగా చెప్పుకున్న స్నేహమూ ఆ ముసలావిడ తలుపు దగ్గరే ఆగిపోయాయి. లోపలికి వెళ్లింది మా అరుపులే. పోనీ ఇద్దరం ఒక్కసారి నవ్వుకుని ఉంటే ఏమయ్యేదో. వేరేవాళ్లయితే నవ్వేవాళ్లేమో. టకోమా దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అతని చెవులు వెనక నుంచి కనిపించాయి. ఎర్రగా ఉన్నాయి. అవమానం అతనికి ముందు చెవుల్లోకి వస్తుంది. అది చూసి నాకు తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి బాతెల్ వచ్చేదాకా నిలిచింది.

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కారాపాడు. ఇంజను ఆపలేదు.

"ఇంక మనం మాట్లాడుకునే పని లేదు గదా," అన్నాడు.

"లేదు."

"మంచిది," అన్నాడు. నేను తలుపు వేసేలోపే కారు కదిలింది.

ఆ బొమ్మ ఆ కూతురి కొడుకు ఇంటికి వెళ్లిందో, దుకాణానికి వెళ్లిందో నేను కనుక్కోలేదు. కనుక్కుందామని ఒకటి రెండుసార్లు ఆవిడ నంబరు దాకా వెళ్లి ఆగిపోయాను. అతను నాకంటే ముందు ఫోన్ చేసి ఉంటాడేమో, ఆవిడ ఆ సంగతి నాకు చెప్తుందేమో అని. ఆ మాట వినే ఓపిక నాకు లేదు.

మొన్న ఇండియన్ స్టోర్‌కి వెళ్లాను. అతను వంకాయలు ఏరుతున్నాడు. ఒక్కొక్కటీ తిప్పి చూసి సంచిలో వేస్తున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. సగం నిండిన సంచి అక్కడే వదిలేసి పక్క వరసలోకి వెళ్లిపోయాడు. నేనూ వంకాయల కోసమే వెళ్లాను. అతను చెయ్యి పెట్టిన చోట చెయ్యి పెట్టబుద్ధి కాలేదు. బెండకాయలు తీసుకుని, బిల్లు కట్టి వచ్చేశాను.